పన్నెండు సెంటీమీటర్లు

బాలానగర్‌లో సముద్రం లేదు.
ఉన్నదల్లా లేతు మిషన్ల రొద,
వానొస్తే రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లు,
వాటి మీద తేలుతూ పోయే ఎవరిదో ఒంటి చెప్పు.
ఆ వీధిలోనే మూడో అంతస్తులో కూర్చుని
నేను ఓడకు గోడలు మారుస్తుంటాను.

ఓడ ఎక్కడో ఉంది, నీళ్లు తోడేసిన గుంతలో.
దిమ్మెల మీద కూర్చోబెట్టారట.
ఫొటోలో చూశాను: పొట్టంతా నాచు,
గీకుతున్న మనుషులు చీమలంత.
చిన్నదే. తొంభై మంది అతిథులు, అరవై మంది పనివాళ్లు.
బాగుచేశాక అతిథులు డెబ్బై,
పనివాళ్లు మాత్రం అరవై ఎనిమిది.
లెక్క తప్పిందేమో అనుకున్నాను.
ప్రభంజన్ సారు నవ్వాడు:
"ఖరీదంటే అదేనమ్మా,
కుర్చీలో ఒకరుంటే కుర్చీ వెనక ఇంకొకరు."

పై డెక్కుతో మొదలుపెట్టాను.
రెండు గదుల నడుమ గోడ చెరిపితే ఒక సూటు.
లైబ్రరీలో సగం కోసి బారుకు కలిపాను.
స్నానాల తొట్టి కిటికీ పక్కకే జరపాలి,
నీళ్లలో కూర్చుని నీళ్లను చూడటానికి.
మా బోరబండలో నల్లా దినం విడిచి దినం వస్తుంది.
తొట్టిలో ఎన్ని బిందెలు పడతాయో లెక్కేశాను,
ఊరికే.

కిందికి దిగేకొద్దీ గీతలు దగ్గరవుతాయి.
అట్టడుగున, ఇంజను పక్కన,
నలుగురికి ఒక గది. కిటికీ లేదు.
దాన్నానుకుని కొత్తగా ఆవిరి గది.

శుక్రవారం సాయంత్రం మెయిలు వచ్చింది:
ఆవిరి గదిలో బెంచీ ఇరుకు, పన్నెండు సెంటీమీటర్లు పెంచండి.
మౌసు నొక్కి గోడను జరిపాను.
గోడ ఏమీ అనలేదు.
పక్కగదిలో మంచాల నడుమ సందు
డెబ్బై రెండు నుంచి అరవైకి వచ్చింది.
సేవ్ చేసి ఇంటికి పోయాను.

జీడిమెట్ల షెడ్డులో ఆ గదిని
నిలువెత్తున ప్లైవుడ్‌తో కట్టాడు వడ్ల సత్తయ్య.
కొలతలు చూద్దామని వెళ్లాను.
పరుపులు కుట్టే జిలానీ అప్పటికే లోపలున్నాడు.
నేను అడుగుపెడితే ఆయన పక్కకు తిరిగాడు,
నేనూ తిరిగాను. అయినా మోచెయ్యి తగిలింది.
"మాఫ్ కర్నా," అన్నాడు, తప్పు నాదైతే.
ఆయన బామ్మర్ది ఓడలో గిన్నెలు కడిగి వచ్చాడు.
"ఒకడు పండే యాళ్లకు ఇంకొకడు లేస్తడమ్మా,
చీకట్లనే ప్యాంటు తొడుక్కుంటడు.
లైటేస్తే కింది మంచంలోడు తిడ్తడు."

నేను ఆ సందులో నిలబడి
ఒంటికాలి మీద ప్యాంటు తొడుక్కుంటున్నట్టు వంగి చూశాను.
నుదురు పై మంచానికి తగిలింది.
సత్తయ్య నవ్వలేదు.
చెవి మీది పెన్సిల్ తీసి
కిటికీ లేని గోడ మీద గుండ్రంగా ఒక కిటికీ గీశాడు.
"లోపల ఏమెయ్యాలె అక్కా? సముద్రం నేను సూడలే."
"నేనూ చూళ్లేదు."
కాసేపు ఆలోచించి
హుస్సేన్ సాగర్ వేశాడు, నడుమ బుద్ధుడితో సహా.

సోమవారం గోడను వెనక్కి జరిపాను.
బెంచీ మళ్లీ పాత కొలతకే.
పక్కన చిన్న అక్షరాల్లో రాశాను: పైపులకు జాగా.
సారు కళ్లద్దాలు నుదుటికెత్తి అడిగాడు:
"ఏ పైపులమ్మా?"
"వేడినీళ్లవి సార్."
చాలాసేపు చూశాడు. నుదుటి మీద నా బొప్పినీ చూశాడు.
సంతకం పెట్టాడు.

ఓడ నీళ్లలోకి దిగిందని విన్నాను.
ఎవరు ఎక్కారో, ఏ రేవులు చూశారో తెలీదు.
షెడ్డులో గదిని విప్పి చెక్కలు అమ్మేశారు.
మొన్న కూకట్‌పల్లిలో టీ తాగుతుంటే
హోటలు కౌంటరు వెనక అల్మారా వీపు మీద
సగం గుండ్రం కనిపించింది, పెన్సిల్‌ది.
బుద్ధుడు రెండో ముక్కలో పోయినట్టున్నాడు.
నీళ్లు మాత్రం ఉన్నాయి,
బిస్కెట్ డబ్బాల వెనక, మూడు గీతలు.